చిన్న ‘బీ’, పెద్ద ‘బీ’... మధ్యలో మనోళ్ళు

ఆడమ్స్‌టౌన్ (ఐర్లండ్) నుంచి

2025 అక్టోబర్ 14న మా ఇంట్లో పప్పు మాడింది. కారణం గూగుల్. విశాఖపట్నంలో 2026 నుంచి 2030 వరకు అయిదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు పెడతామనీ, గిగావాట్ స్థాయి డేటా సెంటర్ కడతామనీ, సముద్రం అడుగున వచ్చే అంతర్జాతీయ కేబుళ్ళను విశాఖ తీరానికి చేరుస్తామనీ ఆ సంస్థ ఆ రోజు ప్రకటించింది. మేం అయిదుగురం ఒకే ఇంట్లో ఉంటాం. వార్త చూడగానే వాదన మొదలైంది. ‘ఇక మన ఊళ్ళో నెట్టు పరిగెత్తుద్ది చూడు’ అని ఒకరు. ‘అదంతా వాళ్ళ మిషన్లకే, మన ఊరికి ఒక్క చుక్క రాదు’ అని ఇంకొకరు. టెరాబిట్లు, గిగాబైట్లు, ఎంబీలు అంటూ ఎవరి నోటికొచ్చిన అంకె వాళ్ళు చెప్పారు. పొయ్యి మీద పప్పు సంగతి ఎవరికీ గుర్తులేదు.

వాసన వచ్చాక గానీ వాదన ఆగలేదు. ఆగాక ఒక సంగతి బయటపడింది. మా అయిదుగురిలో ముగ్గురికి మెగాబిట్టుకూ మెగాబైటుకూ తేడా తెలియదు. మేం చేసేది ఏమిటంటే, కట్టడం పని. రోడ్డు పక్కన కాలువ తవ్వించేది, కేబుల్ పోయే గొట్టాలు వేయించేది, ఛాంబర్లు కట్టించేది మేమే. ఆ గొట్టంలోంచి ఏం పారుతుందో, ఎంత పారుతుందో మాకే లెక్క రాదు. సిగ్గుపడాల్సిన విషయమే. కానీ ఈ లెక్క రాకపోవడం వల్ల మాలో ఒక కుర్రాడి ఉద్యోగం పోయేదాకా వచ్చింది కాబట్టి, సిగ్గు పక్కనబెట్టి రాస్తున్నాం.

ముందు ఈ ఊరి గురించి రెండు మాటలు. ఆడమ్స్‌టౌన్ అంటే డబ్లిన్‌కు పడమర, లూకన్‌ను ఆనుకుని లేచిన కొత్త ఊరు. 2001లో ప్రభుత్వం దీన్ని ప్రత్యేక అభివృద్ధి ప్రాంతంగా గుర్తించింది. 2003లో ప్లాన్ ఖరారైంది, 2006లో మొదటి కుటుంబాలు దిగాయి, 2007లో రైల్వే స్టేషన్ తెరిచారు. ఇన్ని ఇళ్ళు కట్టాలంటే ముందు ఇంత రోడ్డు, ఇంత బడి, ఇంత రైలు సౌకర్యం పూర్తికావాలి అని ప్లాన్‌లోనే షరతు పెట్టి కట్టిన ఊరు. 2008 మాంద్యంలో చతికిలబడి, ఏళ్ళ తర్వాత మళ్ళీ లేచింది. రైలు పట్టాలు, గ్రాండ్ కెనాల్ దాటితే అవతల గ్రేంజ్ కాజిల్. మైక్రోసాఫ్ట్, గూగుల్ డేటా సెంటర్లు అక్కడే ఉన్నాయి. అంటే మన విశాఖకు రాబోయేది ఎలా ఉంటుందో మాకు పనికి పోయే దారిలో కనబడుతూనే ఉంటుంది. కిటికీలు లేని గోడలు, చుట్టూ కంచె, లోపల జనం తక్కువ.

ఇక కుర్రాడి సంగతి. కంపెనీ పేరు అనవసరం. రెండేళ్ళ కిందట ఒక సైటులో ప్రతిరోజూ జరిగిన పనిని లేజర్ స్కాన్ చేసి, డ్రోన్ ఫొటోలు, కెమెరా రికార్డింగులు కలిపి రాత్రిపూట హెడ్డాఫీసుకు పంపాలని నిర్ణయించారు. రోజుకు 450 గిగాబైట్లు. రాత్రి 8 నుంచి పొద్దున 6 దాకా, పది గంటల్లో పోవాలి. ప్లానింగ్ చేసినాయన లెక్క ఇలా వేశాడు: పది గంటలంటే 36,000 సెకన్లు. 450 గిగాబైట్లను 36,000తో భాగిస్తే సెకనుకు 12.5 మెగాబైట్లు. కాగితం మీద ‘12.5 ఎంబీ’ అని రాసుకున్నాడు. కొంచెం చేతిలో ఉండాలి కదా అని 20 ‘ఎంబీ’ లైను తెప్పించాడు. చూడటానికి ఎంత చక్కగా ఉంది! అవసరం పన్నెండున్నర, తెప్పించింది ఇరవై.

కానీ లైను అమ్మేవాళ్ళు అమ్మేది మెగాబిట్లు, మెగాబైట్లు కాదు. ఒక బైటు అంటే ఎనిమిది బిట్లు. 12.5 మెగాబైట్లు అంటే 100 మెగాబిట్లు. వంద కావాల్సిన చోట ఇరవై వచ్చింది. ఆ లైనులో పది గంటల్లో పోయేది 90 గిగాబైట్లు, అంటే అయిదో వంతు. ఒక్క రాత్రి సరుకు మొత్తం పోవాలంటే 50 గంటలు పడుతుంది. రెండో రాత్రికి మొదటి రాత్రిది మిగిలింది, మూడో రాత్రికి రెండు రాత్రులది మిగిలింది.

రాత్రి డ్యూటీలో ఉన్నది మనవాడు, ఇరవై నాలుగేళ్ళవాడు, పర్మిట్ మీద వచ్చినవాడు. పొద్దున వచ్చిన ఇంజినీర్లకు ఫైళ్ళు సగం కూడా చేరలేదని తెలిసేది. ‘రాత్రి నిద్రపోయి కంప్యూటర్ ఆపేస్తున్నావా?’ అన్నారు. రెండు వారాలు అదే పాట. ఒక వార్నింగ్ లెటర్ ఇచ్చారు, నైట్ అలవెన్సు కోశారు. వాడు మా దగ్గరికొచ్చి ‘అన్నా, ఒట్టు, కన్ను మూస్తే ఒట్టు’ అన్నాడు. మాలో ఒకాయన డిప్లొమాలో కాస్త ఎలక్ట్రానిక్స్ చదివాడు. సిమెంటు బస్తా కాగితం వెనక లెక్క వేసి చూస్తే పది నిమిషాల్లో తేలింది. తప్పు కుర్రాడిది కాదు, ఎనిమిదిది.

ఆ కాగితం పట్టుకుని ఆఫీసుకు పోయాం. ఒప్పుకున్నారు. లైను 200 మెగాబిట్లకు పెంచారు. అలవెన్సు డబ్బులు తర్వాత నెల జీతంలో తిరిగొచ్చాయి. వార్నింగ్ లెటర్ మాత్రం ఫైల్లోనే ఉంది.

మనోళ్ళకు ఈ లెక్క కష్టం కానే కాదు అని మేం అంటాం. ఎందుకంటే తెలుగువాడు పేపర్లో రోజూ చదివేదే ఇది. మాలో ఇద్దరిది కృష్ణా డెల్టా, ఒకరిది శ్రీరాంసాగర్ కింద ఊరు. క్యూసెక్కు అంటే ఏమిటో, టీఎంసీ అంటే ఏమిటో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీళ్ళు పారడం. అది పారకం. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. అది నిల్వ. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుంది. పోతిరెడ్డిపాడు మీద టీ కొట్టు దగ్గర కొట్టుకునేవాళ్ళు కూడా ఈ రెంటినీ కలపరు. ‘జలాశయంలో ఇన్ని క్యూసెక్కులున్నాయి’ అని ఎవరైనా అంటే నవ్వుతారు.

మెగాబిట్ల లెక్క అచ్చంగా అదే. సెకనుకు ఇన్ని మెగాబిట్లు అనేది పారకం, అంటే క్యూసెక్కు. గిగాబైటు అనేది నిల్వ, అంటే టీఎంసీ. తమాషా ఏమిటంటే, టీఎంసీలో ‘టీఎం’ అంటే వెయ్యి మిలియన్లు, అంటే వంద కోట్లు. గిగా అన్నా వంద కోట్లే. మిగతావి కూడా మన లెక్కల్లో చెప్పుకుంటే కిలో అంటే వెయ్యి, మెగా అంటే పది లక్షలు, టెరా అంటే లక్ష కోట్లు.

మేం వంటింటి గోడ మీద ఒకే ఒక అంకె రాసి పెట్టుకున్నాం: 10.8. సెకనుకు ఒక మెగాబిట్టు చొప్పున ఒక రోజంతా, 86,400 సెకన్లు పారితే 86,400 మెగాబిట్లు. ఎనిమిదితో భాగిస్తే 10,800 మెగాబైట్లు, అంటే 10.8 గిగాబైట్లు. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు. ఇరవై మెగాబిట్ల లైను రోజంతా పారితే 216 గిగాబైట్లు. పది గంటలైతే 90. ప్లానింగ్ చేసినాయనకు ఈ అంకె తెలిసి ఉంటే ఆ కుర్రాడికి ఉత్తరం వచ్చేది కాదు.

ఇక్కడ మన పత్రికల మీద కూడా చిన్న ఫిర్యాదు ఉంది. ఇంగ్లీషులో బిట్టుకు చిన్న ‘బీ’, బైటుకు పెద్ద ‘బీ’ రాస్తారు. అది కూడా సరిగ్గా రాసేవాళ్ళు తక్కువే అనుకోండి. తెలుగు లిపిలో చిన్న అక్షరం, పెద్ద అక్షరం అనేదే లేదు. ‘ఎంబీపీఎస్’ అని రాస్తే మెగాబిట్టో, మెగాబైటో బ్రహ్మకు కూడా తెలియదు. ‘రోజుకు 2 జీబీ’ అంటే బైట్లు. ‘5 జీబీపీఎస్’ అంటే బిట్లు. రెండు చోట్లా అదే ‘జీబీ’. ఎనిమిది రెట్ల తేడాను ఒకే అక్షరంలో పెట్టి అచ్చేస్తున్నాం. మెగాబిట్లు, మెగాబైట్లు అని పూర్తిగా రాస్తే రెండక్షరాల సిరా ఎక్కువ అవుతుంది, అంతే కదా.

ఈ గందరగోళం గదిలోనూ చూస్తున్నాం. 500 మెగాబిట్ల కనెక్షన్ పెట్టించుకున్న రోజున మావాడు ఒకడు ‘4 జీబీ సినిమా ఎనిమిది సెకన్లలో దిగాలి, అరవై సెకన్లు దాటింది, మోసం’ అని కంపెనీకి ఫోన్ చేయబోయాడు. 4 గిగాబైట్లు అంటే 32 గిగాబిట్లు. 500తో భాగిస్తే 64 సెకన్లు. కంపెనీ చెప్పినట్టే వచ్చింది. స్పీడ్ టెస్ట్ చూపించేది బిట్లు, డౌన్‌లోడ్ అయ్యేటప్పుడు కంప్యూటర్ చూపించేది బైట్లు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి తగాదా పడేవాళ్ళు దుబాయ్‌లోనూ ఉంటారు, దోహాలోనూ ఉంటారు.

పైగా ప్రతి మూటకూ అడ్రసు చీటీ, కట్టుతాడు ఉంటాయి. వాటి బరువు కూడా లైనే మోయాలి. మామూలు లెక్కలో నూటికి అయిదు వంతులు వాటికే పోతాయి. కాబట్టి 100 మెగాబిట్ల లైనులో సెకనుకు 12.5 మెగాబైట్లు అని కాగితం చెప్పినా, చేతికొచ్చేది 11.9కి మించదు. అది మోసం కాదు. బస్తాతో కలిపి తూచినట్టు.

వెయ్యా, 1,024 ఆ అనే గొడవ ఇంకోటి ఉంది. కంప్యూటర్ జ్ఞాపకశక్తిని రెండు రెట్లు, రెండు రెట్లు చొప్పున లెక్కపెడతారు కాబట్టి అక్కడ కిలో అంటే 1,024 అనే అలవాటు వచ్చింది. లైన్ల లెక్కలో మాత్రం ఎప్పుడూ వెయ్యే. ఒక టెరాబైటు డిస్కు కొంటే కంప్యూటర్ 931 అని చూపించేది అందుకే. కిలో దగ్గర తేడా రెండున్నర శాతం లోపే. టెరా దగ్గరికొచ్చేసరికి దాదాపు పది శాతం. ఇంటికి ఇది పెద్ద విషయం కాదు, డేటా సెంటర్ వాళ్ళకు పెద్ద విషయమే.

అసలు ఈ ఎనిమిది అంకె ఫోన్ల కాలం నుంచే లైన్లలో కూర్చుంది. మనం మాట్లాడే గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను ఎనిమిది బిట్లలో రాస్తే 64 కిలోబిట్లు. అదే ఒక ఫోన్ కాల్. అలాంటివి 32 కట్టగడితే 2.048 మెగాబిట్లు. అందులో 30 కాల్స్‌కు, రెండు లైను సొంత పనికి. అలాంటి కట్టలు 63 ఎక్కే పెద్ద మోపును ఎస్‌టీఎం-1 అంటారు. దాని రేటు 155.52 మెగాబిట్లు. అంటే ఒక్క మోపులో 1,890 మంది ఒకేసారి మాట్లాడుకోవచ్చు. దాన్ని నాలుగు రెట్లు, మళ్ళీ నాలుగు రెట్లు, మళ్ళీ నాలుగు రెట్లు చేస్తే 9.953 గిగాబిట్లు. వాడుకలో ‘టెన్ జీ’ అనేస్తారు. కాలింగ్ కార్డు గీకి, నంబరు నొక్కి, ‘అమ్మా, వినబడుతుందా’ అని అరిచిన రోజుల్లో మనం వాడుకున్నది ఆ 64 కిలోబిట్లలో ముక్క. కొన్ని కార్డు కంపెనీలు దాన్ని కూడా కుదించి ఎనిమిదికో, అంతకన్నా తక్కువకో తెచ్చేవి. అందుకే అమ్మ గొంతు బావిలోంచి వచ్చినట్టుండేది.

ఇప్పుడు మన ఊళ్ళకొద్దాం. 2011 అక్టోబర్‌లో కేంద్రం ఆమోదించి, తర్వాత భారత్‌నెట్ అని పేరు మార్చిన పథకంలో దాదాపు రెండున్నర లక్షల పంచాయతీలకు ఒక్కోదానికి 100 మెగాబిట్లు ఇవ్వాలన్నారు. వినడానికి పెద్ద అంకె. పంచాయతీలో 500 ఇళ్ళున్నాయనుకుందాం. అందరూ ఒకేసారి వాడితే ఇంటికి 0.2 మెగాబిట్లు, అంటే 200 కిలోబిట్లు. 2004లో మన ప్రభుత్వమే బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 256 కిలోబిట్లు ఉండాలని చెప్పింది. ఆ పాత కొలతకు కూడా ఇది చాలదు. 2023 జనవరిలో ఆ కొలతను 2 మెగాబిట్లకు పెంచారు. ఆ లెక్కన 500 ఇళ్ళకు ఒకేసారి కావాల్సింది 1,000 మెగాబిట్లు, అంటే ఒక గిగాబిట్టు. పథకం చెడ్డదని అనడం లేదు. 100 అనే అంకె ఒక ఊరిదో, ఒక ఇంటిదో చెప్పకుండా చెప్పడం చెడ్డది. 2023 ఆగస్టులో ఈ పథకాన్ని సవరించి దాదాపు 1.39 లక్షల కోట్ల రూపాయలు కేటాయించారు. ఈసారైనా ఇంటికెంత అని అడగాలి.

ఏపీ ఫైబర్‌నెట్ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. నెలకు 149 రూపాయలు, ఇంటికి 15 మెగాబిట్ల నెట్టు, టీవీ, ఫోను. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా దాదాపు 24 వేల కిలోమీటర్ల కేబుల్ లాగారు. కట్టడం పనివాళ్ళుగా ఆ ఆలోచనకు మేం దండం పెడతాం. గాజు తీగ చవక, తవ్వకమే ఖరీదు. తెలంగాణలో టీ-ఫైబర్‌కు మిషన్ భగీరథ నీళ్ళ పైపుల కోసం తవ్విన కాలువల్లోనే గొట్టం వేశారు. ఇక్కడ ఐర్లండ్‌లో కూడా ఒక కంపెనీ కరెంటు బోర్డు స్తంభాల మీదుగానే ఫైబర్ లాగుతోంది. తెలివి ఎక్కడైనా ఒకటే.

కానీ లెక్క వేసి చూడండి. 15 మెగాబిట్లు నెలంతా ఆగకుండా పారితే 4,860 గిగాబైట్లు. 149 రూపాయలకు అంత రాదని చిన్నపిల్లవాడికైనా తెలుసు. కోటి ఇళ్ళు ఒకేసారి 15 మెగాబిట్లు తోడితే 150 టెరాబిట్లు కావాలి. అమెరికాలోని వర్జీనియా బీచ్ నుంచి స్పెయిన్‌లోని బిల్బావో దగ్గరికి మైక్రోసాఫ్ట్, ఫేస్‌బుక్ వగైరాలు కలిసి వేసిన మారియా కేబుల్ 2018లో వాడకంలోకొచ్చింది. దాని డిజైన్ సామర్థ్యం 160 టెరాబిట్లు. అంటే 149 రూపాయల మాట అక్షరాలా నిలబెట్టుకోవాలంటే అట్లాంటిక్ దాటే ఒక మహా కేబుల్ మొత్తం మన రాష్ట్రానికే రాసివ్వాలి.

దీన్ని మోసం అనొచ్చా? అనలేం. ఊరి ట్యాంకు నుంచి అన్ని కుళాయిలూ ఒకేసారి తిప్పితే ఎవరికీ నీళ్ళు రావు, అయినా రోజూ అందరి బిందెలూ నిండుతున్నాయి. ఫైబరూ అంతే. మేం ఇక్కడ ఇళ్ళకు వేసే గొట్టాల్లో ఎక్కువ చోట్ల ఒక తీగను గాజు పలకతో 32 ఇళ్ళకు చీలుస్తారు. మామూలుగా వాడే జీపాన్ పద్ధతిలో ఆ తీగ మోసేది దిగుమతికి 2.488 గిగాబిట్లు. 32తో భాగిస్తే ఇంటికి 78 మెగాబిట్లకు కాస్త తక్కువ. అమ్మేది మాత్రం ఇంటికి 500. అందరూ ఒకేసారి తోడరు కాబట్టి సరిపోతోంది. ఎగుమతికి ఇందులో సగమే, 1.244 గిగాబిట్లు. మా సైటు కుర్రాడిది ఎగుమతి పనే. లైను తీసుకునేటప్పుడు ఎగుమతి ఎంత అని విడిగా అడగకపోతే ఎవరూ చెప్పరు.

మరి విశాఖ కేబుళ్ళ వల్ల మన ఊరికి నెట్టు వస్తుందా? పప్పు మాడిన వాదన ఇదే కదా. దీనికి జవాబు ఇక్కడ ఐర్లండ్‌లోనే ఉంది.

పడమటి తీరాన మేయో జిల్లాలో కిల్లాలా అనే చిన్న ఊరుంది. 2016 జనవరిలో న్యూయార్క్ నుంచి అట్లాంటిక్ దాటి వచ్చిన కేబుల్ ఒకటి అక్కడ వాడకంలోకి వచ్చింది. నాలుగు జతల తీగలు, ఒక్కో జతలో 130 రంగుల వెలుగు, ఒక్కో రంగు 100 గిగాబిట్లు. హెచ్చవేస్తే 52 టెరాబిట్లు. ఆ కేబుల్ దిగిన మేయో జిల్లాలోనే చాలా పల్లె ఇళ్ళకు సరైన బ్రాడ్‌బ్యాండ్ లేక, 2019 నవంబర్‌లో ప్రభుత్వం విడిగా కాంట్రాక్టు ఇచ్చి, దేశమంతటా 5 లక్షల పైచిలుకు ఇళ్ళకు, దుకాణాలకు ఫైబర్ వేయించాల్సి వచ్చింది. దానికి ప్రభుత్వ ఖర్చు పరిమితి దాదాపు 270 కోట్ల యూరోలు. సముద్రం మీదుగా 52 టెరాబిట్లు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డా, పొలం గట్టు దాటి ఇంట్లోకి రావడానికి వేరే డబ్బు, వేరే పలుగు, వేరే పార కావాల్సివచ్చాయి.

మన దగ్గరా అంతే జరిగింది. 2002లో చెన్నై నుంచి సింగపూర్‌కు ఐటూఐ కేబుల్ వేశారు. ఎనిమిది జతలు, జతకు 105 రంగులు, రంగుకు 10 గిగాబిట్లు, మొత్తం 8.4 టెరాబిట్ల డిజైన్ సామర్థ్యం. దాన్ని 256 కిలోబిట్ల చొప్పున పంచితే 3 కోట్ల 28 లక్షల ఇళ్ళకు ఒకేసారి సరిపోతుంది. ఆ తర్వాత చాలా ఏళ్ళు మన ఊళ్ళలో మోడెమ్ కీచుమంటూనే ఉంది. డిజైన్ సామర్థ్యం అంటే కేబుల్ మోయగలిగింది. రెండు చివర్లా యంత్రాలు పెట్టి ఎన్ని రంగులు వెలిగిస్తే అంతే పారుతుంది. డ్యామ్ కట్టగానే చివరి ఆయకట్టుకు నీళ్ళొచ్చాయా? పిల్ల కాలువలు తవ్వాలి.

అందుకని విశాఖ కేబుల్ వద్దనడం లేదు. ముంబై, చెన్నైల మీదే బరువంతా ఉంటే ఎంత ప్రమాదమో 2008 జనవరి ఆఖరులో చూశాం. ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర కేబుళ్ళు తెగి, భారత్‌లోనూ గల్ఫ్‌లోనూ నెట్టు కుంటుపడింది. 2025 సెప్టెంబర్‌లో ఎర్రసముద్రంలో జెడ్డా దగ్గర మళ్ళీ తెగాయి. తూర్పు తీరాన ఇంకో దారి ఉండటం మంచిదే. దారి ఎన్ని ఉన్నాయన్నది ఒక లెక్క, దారి ఎంత వెడల్పన్నది ఇంకో లెక్క. రెంటికీ సంబంధం లేదు.

గిగావాట్ కూడా ఇదే కోవలోది. అదీ పారకమే, నిల్వ కాదు. ఒక గిగావాట్ రోజంతా వాడితే మన కరెంటు బిల్లు భాషలో 2 కోట్ల 40 లక్షల యూనిట్లు. ఐర్లండ్‌లో మీటర్ల లెక్కన వాడిన కరెంటులో డేటా సెంటర్ల వాటా 2015లో 5 శాతం, 2023లో 21 శాతం. 2024 ఆగస్టులో గ్రేంజ్ కాజిల్‌లో గూగుల్ మరో డేటా సెంటర్‌కు అనుమతి అడిగితే, గ్రిడ్‌లో సామర్థ్యం చాలదనే కారణం కూడా చెప్పి సౌత్ డబ్లిన్ కౌంటీ కౌన్సిల్ కాదంది. ఇక్కడ గిగాబిట్లకు కొదవ లేదు, కొదవంతా మెగావాట్లకే. విశాఖలో ఈ రెండో లెక్క ఎవరు వేస్తున్నారో, ఏ యూనిట్లలో వేస్తున్నారో జనానికి తెలియాలి.

మేం మా సైటులో ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాం. లైను గురించి ఏ కాగితం వచ్చినా ‘ఎంబీ’ అని ఉంటే సంతకం పెట్టం. బిట్టో బైటో పూర్తిగా రాయమంటాం. ఎగుమతా దిగుమతా, ఒక్కరికా పదిమందికా, రోజుకు ఎన్ని గంటలా అని అడుగుతాం. మొదట్లో ఇంజినీర్లు విసుక్కున్నారు. ఈమధ్య ఒకాయన తనే పూర్తిగా రాసి పంపుతున్నాడు.

కుర్రాడు ఇప్పుడు పగలు డ్యూటీకి మారాడు. పర్మిట్ రెన్యూవల్ దగ్గరపడుతోంది. ఫైల్లో ఉన్న ఆ ఉత్తరం తీసేయమని రెండుసార్లు అడిగాం, ‘చూద్దాం’ అన్నారు. వచ్చే నెల మీటింగులో సిమెంటు బస్తా కాగితం మీది లెక్కను ఈసారి శుభ్రంగా టైపు చేయించి, 450 గిగాబైట్లు, 36,000 సెకన్లు, ఎనిమిది అని మూడు వరసల్లో పెట్టి, మళ్ళీ అడగబోతున్నాం.